బ్యాకప్ గడియారం, మండీ రాహుకాలం

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఒక ఎండాకాలం, కడపలోని మా కంపెనీ నన్ను కర్నూలు దగ్గరి ఒక ప్రైవేటు ఉల్లి మండీకి పంపింది. వ్యాపారుల వెబ్‌సైట్లు చూసుకునే చిన్న కంపెనీ మాది. నేను సపోర్టు మేనేజర్ని. మండీ వెబ్‌సైటు చెడిపోతే మావాళ్లు దాన్ని బ్యాకప్ నుంచి, అంటే సర్వర్ వారానికోసారి తనంతట తాను దాచిపెట్టే నకలు నుంచి, మళ్లీ నిలబెట్టారు. చిక్కు అక్కడే వచ్చింది.

ఆ బ్యాకప్ ఫైలు పేరులో సోమవారం వేకువన రెండు గంటలని ఉంది. మండీ గేటు తెరిచేది ఆరుకు. అయినా ఆ సోమవారం సరుకు తెచ్చిన రైతులకిచ్చిన టోకెన్లు ఫైలులో ఎక్కి ఉన్నాయి. టోకెన్ ముందుంటే సరుకు ముందు వేలానికి వస్తుంది. కాబట్టి వెబ్‌సైటులో టోకెన్లు ఎక్కించే షమీమ్ తనవాళ్లకు దొంగచాటుగా ముందే ఇచ్చిందని యజమాని శెట్టిగారు తేల్చేశారు. గేటు దగ్గర రైతులందరి ముందూ తిట్టి, పనిలోంచి తీసేశారు.

"గేటుకు తాళమేసి ఉండంగా టోకెన్లు యాడనుంచి వచ్చినాయప్పా? కంప్యూటరు అబద్ధం చెప్తాదా?" అన్నారు నాతో.

ఆ మాట అనేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. కంప్యూటరు అబద్ధం చెప్పదు, నిజమే. అడగనిదీ చెప్పదు.

టోకెన్ల మీద తేదీ, వరుస సంఖ్య, రైతు పేరు తప్ప టైము లేదు. షమీమ్‌ను పిలిపించి, ఫైలులోని ఆఖరి టోకెన్ చూపించాను. చూడగానే గుర్తుపట్టింది.

"మద్దిలేటన్నది సార్. సోమవారం ఏడున్నరకు రాహుకాలం పడ్తాది కదా, ఆ లోపలే టోకెన్ తీసుకోవల్లని అందరూ ఎగబడ్తారు. ఆపొద్దు ఆఖరున ఉరుక్కుంటా వచ్చినోడు ఈయనే. మళ్లా తొమ్మిదిదాంక ఒక్కరూ రాలే."

రెండుకూ ఏడున్నరకూ తేడా అయిదున్నర గంటలు. ప్రపంచ ప్రామాణిక కాలానికి మన కాలం అంతే ముందుంటుంది. నాకు ప్రాణం లేచివచ్చింది. అద్దెకు తీసుకున్న ఆ విదేశీ సర్వర్ గడియారం ప్రామాణిక కాలంలో ఉంది. దానికి రెండయ్యేసరికి మండీలో ఏడున్నర.

శెట్టిగారికి మాటలతో నమ్మకం కుదరలేదు. ఆయన ముందే ఒక బ్యాకప్ తీశాను. గోడ గడియారంలో మధ్యాహ్నం పన్నెండున్నర. ఫైలు పేరులో ఉదయం ఏడు. ఆయన రెండింటినీ మార్చి మార్చి చూశారు.

సర్వర్ గడియారాన్ని నేను ముట్టుకోలేదు; దాన్ని మారిస్తే పాత రికార్డులన్నీ తారుమారవుతాయి. బ్యాకప్ పనిని మాత్రం ఆ గడియారం ప్రకారం ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు జరిపాను. మనకు అదే సోమవారం వేకువ రెండు. ఫైలు పేరులో ఏ కాలమో కూడా చేర్చాను.

శెట్టిగారు షమీమ్‌ను మళ్లీ పనిలోకి రమ్మన్నారు. ఆమె కదలలేదు.

"వస్తా సార్. తిట్టింది గేటుకాడ కదా, తప్పు లేదని చెప్పేదీ ఆడనే చెప్పండి."

ఆయన పైకండువా సవరించుకున్నారు. తర్వాత లేచి గేటు దగ్గరికి నడిచారు. హమాలీలు, రైతులు వింటుండగా, "ఈ పాప తప్పేం లేదప్పా, నేనే తొందరపడినా" అన్నారు. నాకు చాలా తృప్తిగా అనిపించింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ ఫిర్యాదు వచ్చినా ఇది ఏ గడియారం చెప్పిన టైమని ముందు అడిగేవాణ్ని. మనిషిని ప్రశ్నించడం దాని తర్వాతి పని.