అన్నం వేళకి అన్నం తినమని పాఠం

ఈ రోజు మా మనవరాలి మేనేజరు మీద ఒళ్ళు మండింది. పిల్ల ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉద్యోగం చేస్తుంది. పొద్దుటి నుంచి మెతుకు ముట్టలేదు. కళ్ళు తిరిగి పడిపోతుందేమోనని మధ్యాహ్నం కంచం పట్టుకెళ్ళాను. తెర మీద ఆ మేనేజరు, ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు వేళకి తినాలని అందరికీ పాఠం చెబుతున్నాడు.

"ఏమయ్యా, అన్నం వేళకి ఈ పాఠమేంది? మిరపకోతకొచ్చిన కూలోళ్ళు క్యారేజీ విప్పితే మేం పని మాటే ఎత్తం" అన్నాను.

"మామ్మగారు భలే చెప్పారండీ" అని నవ్వి, ఇంకో గంటసేపు అదే పాఠం వాయించాడు.

పిల్ల చల్లారిన అన్నం రెండు ముద్దలు తిని వదిలేసింది. నా నోటి మూలాన దాని ఉద్యోగం ఏమవుతుందోనని ఇప్పుడు బెంగగా ఉంది. అయినా అడుగుతున్నాను, పనోళ్ళని పస్తు పెట్టేవాడు తిండి గురించి చెప్పొచ్చా? మీరే చెప్పండి.