మొక్కు పొయ్యి పొగ

మొన్నటి ఎండాకాలం. భూపాలపల్లి వైపు గోదావరి మీద ఒక ఆనకట్ట గేట్లకు మరమ్మతులు జరుగుతున్నాయి. చాంబర్‌లో గాలి చూడడానికి జనగామ నుంచి నన్ను పిలిచారు. చాంబర్ అంటే లోతు నీళ్లలోంచి వచ్చిన డైవర్‌ను కూర్చోబెట్టి, ఒంటి మీది ఒత్తిడిని మెల్లగా దించే ఇనుప గది. ఒత్తిడి దిగకముందే తలుపు తీస్తే నెత్తుట్లో బుడగలు లేచి మనిషి పడిపోతాడు, ప్రాణమే పోవచ్చు.

ఆ రోజు లోపలున్న డైవర్ గార్ల ఊరి మనిషి ఓదేలు. అతని అన్న సమ్మయ్య మా క్యాంపులో వంట చేస్తాడు. ఆఖరి గేటు పని చేసి తమ్ముడు క్షేమంగా పైకి తేలితే గంగమ్మకు యాటను కోస్తానని మొక్కుకున్నాడు. తమ్ముడు తేలాడు, అన్న కోశాడు. తమ్ముడు బయటికి రాగానే తొలిముద్ద తనే పెట్టాలని, దూరంగా ఉన్న వంటపాక వదిలేసి కంప్రెసర్ షెడ్డు వెనక నీడలో మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేశాడు. చాంబర్‌లోకి గాలి పంపే కంప్రెసర్ బయటి గాలి పీల్చుకునే గొట్టం మూతి అక్కడే ఉంది.

నా ముందున్న, చాంబర్ గాలిని కొలిచే ఎనలైజర్‌లో కార్బన్ మోనాక్సైడ్ అంకె లేచింది. కట్టెల పొగలో ఉండే విషవాయువు అది. అలారం మోగుతుంటే మైకులో పిలిచాను.

"ఓదేలూ, ఎట్లున్నవ్?"

"తలకాయ పగులుతాంది సారూ... నిద్రొస్తాంది."

"పండకు! ఆక్సిజన్ మాస్క్ పెట్టుకో."

కంప్రెసర్ ఆపి, ముందే నింపి ఉంచిన సిలిండర్ల గాలికి మార్చాను. కిటికీ అద్దంలోంచి చూస్తే ఓదేలు చెయ్యి మాస్క్ కోసం తడుముకుంటోంది, దొరకడం లేదు. చివరికి ఎట్లాగో ముఖానికి పెట్టుకున్నాడు.

అలారం విని సమ్మయ్య ఉరికొచ్చాడు. "తలుపు తియ్యుండ్రి సారూ, మీ కాళ్లు మొక్కుత!"

"ఇప్పుడు తీస్తే సస్తడు సమ్మన్నా. నీ పొయ్యి పొగనే లోపటికి పోతాంది. ముందు ఆ పొయ్యి ఆర్పు."

సమ్మయ్య షెడ్డు వెనక్కి ఉరికాడు. ఉడుకుతున్న కూర గిన్నెను అట్లాగే నిప్పుల మీద కుమ్మరించాడు.

ఓదేలు బతికాడు. మళ్లీ నీళ్లలో దిగడానికి మాత్రం డాక్టర్లు ఒప్పుకోలేదు. ఆ పొగ వల్ల మతిమరుపు పట్టుకుంది. అతన్ని చూడడానికి గార్లకు పోతే నా ముందే అన్నను అడిగాడు: "మొక్కు ఎప్పుడు తీరుస్తవే?"

"తీరుస్త తమ్మీ, జర ఆగు," అన్నాడు సమ్మయ్య, నా వైపు చూడకుండా.

మీటర్లు చూడడం నాకు ఎవరో నేర్పారు. మనుషులను అడగడం ఆ అన్నదమ్ముల వల్ల నేర్చుకున్నాను. ఇప్పుడు ఎక్కడ పనికి పోయినా, చాంబర్ తలుపు మూసేముందు క్యాంపంతా తిరిగి అడుగుతాను: "ఎవరికన్న మొక్కున్నదా? ఉంటే పొయ్యి యాడ పెడుతరో చూపియ్యుండ్రి."