మారుతి ఎముకల పరీక్ష

మారుతి ఆగి ఉన్న సైకిల్ మీంచి పడ్డాడు. బత్తలపల్లి కూడలిలో లారీకి దారివ్వడానికి ఆగాడు. ఇసుకలో కాలు జారింది. ఎడమచేయి నేలకు ఆనించాడు. అంతమాత్రానికే మణికట్టు విరిగింది.

అతనికి ఇరవై మూడేళ్లు. చిలమత్తూరు దగ్గర పల్లెలో గొర్రెలు మేపే నల్లప్ప కొడుకు. పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు పని, మిగిలిన పొద్దంతా సైకిల్. రోజుకు తొంభై కిలోమీటర్లు తొక్కేవాడు. ఎత్తులెక్కేటప్పుడు ఒళ్లు తేలిగ్గా ఉండాలని ఒక పూట తిండి మానేశాడు. ధర్మవరంలో రాష్ట్ర సైక్లింగ్ జట్టు ఎంపిక పోటీకి ఇంకా ఇరవై రోజులున్నాయి.

హిందూపురంలో ఎముకల డాక్టరు ప్రియదర్శిని కట్టు వేస్తూ అడిగింది.

"ఇంతకుముందు ఎప్పుడైనా విరిగిందా?"

"పోయినేడు పక్కటెముక మేడం. అప్పుడూ చిన్నగానే పడినా."

ఆమె చేతులు ఆగాయి. "ఈ వయసులో ఇట్లా పడితే విరగకూడదు. స్కాన్ తీయాలి."

రిపోర్టుకు నాలుగు రోజులు పట్టింది. నల్లప్ప గొర్రెలను పక్కింటి ఓబుళప్పకు అప్పజెప్పి వచ్చాడు. ఆసుపత్రి బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు.

"నాయనా, పెద్ద రోగమేమన్నా ఉండాదంటావా?"

"ఏం కాదులేరా" అన్నాడు నల్లప్ప. కానీ తువ్వాలు కొసను వేళ్లకు చుట్టడం మానలేదు.

పెద్ద రోగమేమీ లేదు. కానీ వెన్నులో, తుంటిలో ఎముక ఆ వయసుకు ఉండాల్సినంత గట్టిగా లేదు.

"రోజూ అంత దూరం తొక్కుతాండా కదా మేడం! నా ఎముకలు ఎట్ల పల్చబడతాయి?"

"సైకిల్ నీ గుండెకు మంచిదే. కానీ సీటు మీద కూర్చుంటే నీ బరువు ఎముకల మీద పడదు. పరిగెత్తినప్పుడు, గెంతినప్పుడు పడే అదురుకే ఎముక గట్టిపడుతుంది. పైగా నువ్వు తిండి తగ్గించావు. ఎముక బలం కూడగట్టుకోవాల్సిన వయసిది. ఈసారి దిగుడులో వేగంగా పడితే విరిగేది మణికట్టు కాదు, తుంటి."

మారుతికి కోపమొచ్చింది. ఫ్యాక్టరీలో తనంత దమ్ము ఎవరికీ లేదు. పోటీకి ముందురోజు కట్టును నీళ్లలో నానబెట్టి, కత్తెరతో తనే కోసేసుకున్నాడు.

ధర్మవరంలో తెల్లవారుతుండగా వరసలో నిలబడ్డాడు. వెనకాలే బస్సెక్కి వచ్చిన నల్లప్ప రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. కొడుకును పోటీకి పోవద్దనలేదు, పొమ్మనలేదు. మారుతి బ్రేకు నొక్కి చూశాడు. ఎడమచేతికి పట్టు అందలేదు. మళ్లీ నొక్కాడు. నొప్పి మోచేతి దాకా పాకింది. ముందున్న దిగుడు, దాని మలుపు, అక్కడి కంకర కళ్లముందు కదిలాయి. పోటీ మొదలుపెట్టే ఈలకు నిమిషం కూడా లేదు.

చొక్కాకున్న నంబరు ఊడబీకి, సైకిల్ దిగాడు.

"ఇంటికి పోదాం పా నాయనా" అన్నాడు. నల్లప్ప సైకిల్ అందుకున్నాడు.

మళ్లీ కట్టు వేయించుకుని, డాక్టరు చేత చీవాట్లు తిన్నాడు. కట్టు విప్పాక ఆమె చెప్పినట్టే తాడాట మొదలుపెట్టాడు. మొదటిరోజు పది గెంతులు గెంతడానికి అరగంట పట్టింది. కాలు నేలను తాకినప్పుడల్లా లోపల ఏదో చిట్లుతుందేమోనని ఊపిరి బిగబట్టేవాడు. నెలలు గడిచాక ఆ భయం తగ్గింది. వారంలో మూడు రోజులే సైకిల్, మిగిలిన రోజులు పరుగు. రాగి సంగటి, గుడ్లు, పాలు ఏ పూటా మానలేదు.

ఏడాదిన్నర తర్వాత స్కాన్‌లో వెన్నెముక కాస్త మెరుగైంది. తుంటి అట్లాగే ఉంది.

"అంతేనా మేడం?"

"తగ్గలేదు కదా. ఇది నిదానంగా జరిగే పని. పోటీకి పో, కానీ గెంతడం మానొద్దు."

ఆ ఏడు ఎంపిక పోటీలో ఆరోవాడిగా వచ్చాడు. జట్టులోకి తీసుకున్నది ఐదుగురిని. ఇంటికొచ్చి తల్లి నరసక్క వడ్డించిన సంగటి ముద్ద తింటూ, వచ్చే ఏడు మళ్లీ పోతానన్నాడు.

"పోదువులే, ముందు కడుపు నిండా తిను" అని నరసక్క ఇంకో ముద్ద వేసింది.