బొట్టు పెట్టని పిస్తోలు

మా ఇంట్లో దసరా పూజలో పుస్తకాల పక్కన ఒక పిస్తోలు కూడా ఉండేది. అది మా తాతగారిది. ఆయన తర్వాత లైసెన్సు నాన్నగారి పేరుకు మారింది. నాకు ఊహ తెలిశాక దాన్ని ఎవరూ పేల్చలేదు. పామొస్తే కర్ర, దొంగొస్తే కేకలు, అంతే మా ధైర్యం. అయినా ఏటా పండగ ఉదయం నాన్నగారు దాన్ని విప్పి, ముక్కలను విప్పిన వరుసలోనే తెల్ల తువ్వాలు మీద పేర్చి తుడిచేవారు. అమ్మ ఒక్కో ముక్కకూ కుంకుమ బొట్టు పెట్టేది. బిగించేటప్పుడు ఆఖర్న తీసిన ముక్క ముందు పెట్టాలి. ఆ వరుస తప్పితే ఆయనకు కోపం.

ఒక ఏడు అమ్మ, తలకీ దీపానికీ పనికొచ్చేది దీనికి పనికిరాదా అని కొబ్బరినూనె పోసింది. అది పేరుకుని స్ప్రింగు కదలనని మొండికేసింది. నాన్నగారు వారం రోజులు ముఖం మాడ్చుకుని తిరిగారు. "నాకు జ్వరమొస్తే ఇంత బాధపడ్డారా ఎప్పుడైనా?" అని అమ్మ దెప్పింది. అప్పట్నుంచీ కుట్టుమిషను నూనె వాడేవాళ్లం.

నిరుడు వేసవిలో అమ్మ పోయింది. సంవత్సరీకం కాలేదు కాబట్టి దసరాకు పండగ లేదు, పూజ లేదు. అయినా ఆ ఉదయం నాన్నగారు తువ్వాలు పరిచి నాకు కబురు పెట్టారు. ఆయన చేతులు అప్పటికే నిండు గ్లాసు పట్టలేనంతగా వణుకుతున్నాయి. నేను బళ్లో పంతులమ్మను, పక్క వీధిలోనే కాపురం. నాకు నోరెక్కువని ఊరందరికీ తెలుసు.

"పూజే లేనప్పుడు ఇదెందుకండీ నాన్నగారూ?" అన్నాను.

"తుప్పు పట్టేస్తుందమ్మా."

ఆయన చెబుతుంటే నేనే విప్పాను, నేనే తుడిచాను. బొట్టు పెట్టడానికి అమ్మ లేదు. నాకు పెట్టబుద్ధి కాలేదు. సగం బిగించాక ఆయన అడిగారు.

"ఇది ఇప్పుడు పేలుతుందంటావా, అమ్మాయ్?"

ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. నెల రోజులుగా ఆయన కంచంలో సగం అన్నం వదిలేస్తున్నారు. కొబ్బరి దింపు తీసే మనిషికి తన చేతి గడియారం ఇచ్చేశారు. టైముతో నాకు పనేముందిలే అన్నారట. వయసు మీద పడిందిలే అనుకున్నానే గాని, ఇంత దూరం ఆలోచించలేదు.

"తూటాలు లేకుండా ఎలా పేలుతుందండీ?" అన్నాను.

"ఆయ్, లేవు. ఎప్పుడో అయిపోయేయి."

ఎవరూ పేల్చకుండా ఎలా అయిపోతాయి?

తువ్వాలు మీద వరుసలో తర్వాత బిగించాల్సింది సగం అగ్గిపుల్లంత పిన్ను. ట్రిగ్గరు నొక్కితే తూటాను పొడిచేది అదే. అది లేకపోయినా పైకి ఏ తేడా కనబడదు, నొక్కితే టక్కుమంటుంది కూడా. ఆయన కళ్లజోడు తుడుచుకుంటుండగా దాన్ని నా కొంగు చివర ముడివేశాను. మిగతావి బిగించి ఇచ్చాను.

ఆయన రెండు చేతులా అందుకున్నారు. "బాగా బిగించేవు," అన్నారు.

కన్నతండ్రిని మోసం చేసినందుకు నాకు సిగ్గేమీ లేదు. భయం మాత్రం ఉంది. కోక మార్చినప్పుడల్లా ఆ పిన్నును కొత్త కొంగుకు ముడివేసుకునేదాన్ని.

రోజూ బడి వదలగానే వెళ్లి, దాన్ని స్టేషన్లో ఇచ్చేద్దామండీ అని పోరేదాన్ని. ఆయన వినీ విననట్టు ఊరుకునేవారు. మూడు వారాలకు ఒక పొద్దున, "ఆయ్, ఇచ్చేద్దాం పద," అని ఆయనే చొక్కా తొడుక్కున్నారు. నా నోరే నెగ్గిందనుకున్నాను. ఆటోలో రొయ్యల చెరువులు దాటేదాకా నేను మాట్లాడుతూనే ఉన్నాను.

స్టేషన్లో బల్ల మీద పిస్తోలు, లైసెన్సు పెట్టారు. తర్వాత పంచె మడతలోంచి ఒక తూటా తీసి వాటి పక్కన పెట్టారు. నేను ఆయన వైపు చూశాను. ఆయన గోడ వైపు చూస్తున్నారు.

హెడ్ కానిస్టేబులు పిస్తోలు విప్పాడు. "ఇందులో పిన్ను లేదేంటండీ? ఎప్పుడు పోయిందండీ?"

నా చెయ్యి కొంగు ముడి మీదకు పోయింది. నేను నోరు తెరిచేలోపే నాన్నగారు అన్నారు.

"దసరా నుంచీ లేదండీ."

ఆయనకు నేను చెప్పలేదు. విప్పి చూసుకోవడానికి ఆ చేతులు పనిచేయవు. తూటా పెట్టి ట్రిగ్గరు నొక్కితే తప్ప ఆయనకు తెలిసే దారి లేదు.

ముడి విప్పి పిన్నును బల్ల మీద పెట్టాను. ఆయన దాని వైపు చూడలేదు. నన్నే చూశారు.

"ఇంటికి పోదాం అమ్మా," అన్నారు. "ఆకలేస్తోంది."