స్టెల్లరేటరుకు దిష్టి తీసిన పిన్ని

ఆ రోజుల్లో, అంటే ఎనభైల నడుమ, నాకు జుట్టూ ఆత్మవిశ్వాసమూ రెండూ ఒత్తుగా ఉండేవి. నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు లెక్చరరుగా చేరాను, టెంపరరీగా. వేసవిలోగా పర్మనెంటు కాకపోతే పెట్టె సర్దుకోవాలి. ఆ నిర్ణయం సెక్రటరీగారిది. ఆయన మిరపకాయల వ్యాపారి (చదువంటే గౌరవం మెండు, ఫిజిక్సంటే భయం అంతకన్నా మెండు). సైన్సు ఎగ్జిబిషనుకు ఆయన వస్తున్నారని తెలిసి, కాలింగ్ బెల్లూ బల్బూ నా స్థాయికి తగవని, ఏకంగా స్టెల్లరేటర్ నమూనా తయారుచేశాను. సైకిల్ ట్యూబును మెలితిప్పి, చుట్టూ రాగితీగ చుట్టాను. సూర్యుడిలో మండే వాయువులాంటి దాన్ని, అంటే ప్లాస్మాను, గోడ తగలకుండా అయస్కాంత శక్తితో పట్టి ఉంచే యంత్రం అది. చిక్కల్లా ఒక్కటే. లోపల ప్లాస్మా సుడులు తిరుగుతుంది, ఆ సుడులు నడిమధ్య వేడిని మోసుకెళ్లి గోడకు అప్పగిస్తాయి. ఆ సుడులు చూపించడానికి పొగ కావాలి. నేను అద్దెకున్న ఇంటిగలావిడ (పిన్నీ అని పిలిచేవాణ్ణి) సాంబ్రాణి వేసిన కుంపటి పట్టుకుని స్వయంగా వచ్చింది.

సెక్రటరీగారు వెనక గోడ పక్కన కూర్చున్నారు. నేను గొంతు సవరించుకుంటుండగా పిన్ని, "ఉండబ్బాయ్, ఇంతమంది కళ్లు పడతన్నయ్ నీ మీద," అంటూ కొంగుముడి విప్పి, గుప్పెడు ఎండు మిరపకాయలూ ఉప్పూ నాకూ సైకిల్ ట్యూబుకూ కలిపి తిప్పి కుంపట్లో వేసేసింది.

"ఏంది పిన్నీ ఇది!" అన్నాను, ఆలస్యంగా.

పరువు కోసం పాఠం మొదలుపెట్టాను. "గాలి కదలకపోతే ఇక్కడి వేడి ఆ గోడదాకా పోవడానికి చాలాసేపు..." ముందు వరస పిల్లలు అప్పటికే దగ్గుతున్నారు. ఎవరో పుణ్యాత్ముడు ఫ్యాను వేశాడు. అంతే, ఘాటంతా సుడులు తిరిగి వెనక గోడకు చేరింది. సెక్రటరీగారు పంచె ఎగ్గట్టి వరండాలోకి పరుగెత్తారు. నా ఉద్యోగం కూడా ఆయన వెంటే పోయిందనుకుని, గ్లాసుతో నీళ్లు పట్టుకెళ్లాను. గుమ్మంలో పిన్ని మురిసిపోతోంది. "ఘాటొచ్చింది చూడు, నీకసలు దిష్టే తగల్లా!"

సెక్రటరీగారు కళ్లు తుడుచుకున్నారు. "బుద్ధెరిగిన కాడినుంచి మిరపకాయల మధ్యే ఉన్నా, ఎప్పుడూ ఇట్టా దగ్గలేదయ్యా. అది సరే మాస్టారూ, ఫ్యాను వెయ్యకముందు నా కాడికి రాలా. వేశాక చిటికెలో వచ్చింది. మీ మిషన్లో వేడి గూడా ఇట్టాగే గోడకి పోద్దా?"

"ఇట్టాగేనండి," అన్నాను. నాకూ కళ్ల నీళ్లే, ఘాటుకో భయానికో తెలీదు.

"అయితే ఫిజిక్సు నాకు గూడా అర్థమయిద్దన్నమాట! జూన్లో పర్మనెంటు ఆర్డరు తీసుకోండి."

నిజం స్టెల్లరేటరును ఇంతవరకూ కళ్లారా చూడలేదు. రిటైరయ్యేదాకా అదే కాలేజీలో, బోర్డు నిండా లెక్కలతో, ఆ పాఠం ఎన్నోసార్లు చెప్పాను. ఆ రోజు అర్థమైనంత బాగా ఇంకెప్పుడూ ఎవరికీ అర్థం కాలేదు. ఆ రోజు చెప్పింది మాత్రం పిన్ని కాదు, తనేనని ఆ కుర్ర లెక్చరరు చాలాకాలం నమ్మాడు, పాపం.