తంగేడు మొగ్గలూ, నా నోరూ

పెళ్లయిన రెండో ఏడు, బతుకమ్మ మొదలయ్యే పెత్తరమాస ఇంకా దూరముండగానే నా భార్య చిట్యాల పక్కన ఉన్న పుట్టింటికి పోయింది. బతుకమ్మకు ఆడపిల్లలు తల్లిగారింటికి పోవడం మా దగ్గర మామూలే. కాని పండుగకు పోయే పిల్ల నాలుగు చీరెలు సంచిలో వేసుకొని పోతుంది. ఈమె పెళ్లినాటి ఇనుప సందూక పెట్టె ఎత్తించుకొని పోయింది. సందూక పోయిందంటే మనిషి తిరిగిరాదని మా వాడకట్టులో పసిపిల్లలకు కూడా తెలుసు.

కారణం నా నోరు. కట్టంగూరు దగ్గర ఊళ్లో నేను పంతులుగా ఉండేవాణ్ణి. బడి వదిలాక కూడా నా పాఠం ఆగేది కాదు. సాయంత్రం కట్టంగూరు సడక్ మీది చాయ్ హోటల్లో కూర్చొని నలుగురిని నవ్వించకపోతే నాకు అన్నం సహించేది కాదు. ఒకరోజు చెప్పడానికి ఏమీ దొరక్క నా భార్య సంగతే ఎత్తుకున్నాను. పెళ్లయిన కొత్తలో ఆమె మొదటిసారి బస్సెక్కుతూ చెప్పులు కింద విడిచి ఎక్కింది. బస్సు కదిలింది. చెప్పులు చిట్యాలలోనే ఉండిపోయాయి. ఇంతవరకు నిజం. హోటలు ఇంకా గట్టిగా నవ్వాలని, ఆమె డ్రైవరుకు వంగి దండం పెట్టి మరీ సీట్లో కూర్చుందని చెప్పాను. దండం ఎలా పెట్టిందో లేచి నిలబడి చూపించాను కూడా. ఆ నవ్వు నాలుగు రోజుల్లో ఊరి బాయి దగ్గరికి చేరింది. నీళ్లకు పోయిన నా భార్యను చూసి అక్కడి ఆడవాళ్లు ఎదురుబొదురు నిలబడి దండాలు పెట్టుకున్నారట. ఆమె ఇంటికొచ్చి బిందె దించింది. సందూక సర్దుకుంది.

పెత్తరమాస ముందురోజు నేను అత్తగారింటికి పోయాను. మా మామ అరుగు మీద కూర్చొని, అరికాళ్ల మీద తడిబట్ట వేసుకొని ఉన్నాడు. ఆయనకు చాలాకాలంగా అరికాళ్ల మంటలు. దానికి మందిచ్చేది ఆయన తల్లే, అంటే నా భార్యకు అవ్వ. తంగేడు మొగ్గలు నూరి, పసరు పిండి, మజ్జిగలో కలిపి పరగడుపున తాగించేది. మామ అసలే మాట్లాడని మనిషి. ఆయన ఎదురుగా కూర్చొని నేను అరికాళ్ల మంటల గురించి, పట్నం దవాఖాన గురించి, నా సర్వీసు గురించి చెప్పుకుంటూ పోయాను. వచ్చిన పని ఒక్కటి తప్ప అన్నీ చెప్పాను. నా భార్య లోపలి నుంచి బయటికి రాలేదు.

చివరికి అవ్వే నన్ను ఆపింది.

“పిల్లను తోలకపోతానికి వచ్చినవా, కొడుకా?”

“అవునవ్వా, అసలు జరిగిందేందంటే...”

“జరిగింది మాకెర్కనే. రేపు పొద్దుగాల నీ మామకు మొగ్గలు నువ్వే తేవాలె. లేసిన కాడికెళ్లి నీ మామ గొంతులకు పసరు దిగేదాంక ఎవ్వలతోని ఒక్క మాట మాట్లాడొద్దు. మాట్లాడితే మందు చెడుతది. గది చెయ్యి, పిల్లతోని నేను మాట్లాడుత.”

“మొగ్గలెందుకవ్వా, పూలే పసరు తీస్తే ఎక్కువొస్తది గదా?” అన్నాను. సలహా ఇవ్వకుండా ఉండలేకపోవడం నా రోగం.

“ఇచ్చుకున్న పువ్వుల ఏముంటది? సత్తువంత గాలికి పాయె. మూసుకున్న మొగ్గలనే ఉంటది. జర నువ్వు గూడ మూసుకో.”

లోపల ఎవరో కిసుక్కున నవ్వారు. నా భార్యే అనుకుంటాను.

తెల్లవారకముందే చెలక గట్టు మీదికి పోయాను. వాన కాలం దాటిన తంగేడు, గట్టు నిండా పచ్చగా ఉంది. పైపంచె ఒడి చేసి, కనబడిన మొగ్గనల్లా తెంపడం మొదలుపెట్టాను. అవ్వ కావాలన్నది పిడికెడు. నేను ఏ పనీ పిడికెడుతో ఆపినవాణ్ణి కాను. మొదటి గట్టు ఖాళీ చేసి రెండో గట్టు సగానికి వచ్చేసరికి వెనుక గంపలు పట్టుకొని ఆడవాళ్లు కనబడ్డారు. అది పెత్తరమాస పొద్దు. బతుకమ్మకు పువ్వు కోసం వచ్చారు. మందు ధ్యాసలో నాకు ఆ సంగతే తోచలేదు.

“ఓ పెద్దమనిషీ, నీకేమన్న పిచ్చిలేసిందా? సద్దుల బతుకమ్మ దాంక తొమ్మిది దినాలు ఆడాలె మేము. మొగ్గలన్నీ గుంజుకుంటే రేపు పువ్వేడికెళ్లి వస్తది?”

నేను నోటి మీద వేలు పెట్టుకొని ఒడి చూపించాను. అరికాలు ఎత్తి చూపించాను. తాగినట్టు సైగ చేశాను.

“తాగిండంట!” అన్నది ఒకామె.

“పొద్దుగాల్నే తాగిండు, కాలు గూడ నిలుస్తలేదు సూడు.”

ఇంకొకామె దగ్గరికొచ్చి మొహంలోకి చూసింది. “అయ్యో, గీయన మనూరి అల్లుడు గాదు? పంతులు! పోయినసారి వచ్చినప్పుడు మా ఆయనకు పొద్దుమూకే దాంక పంట గురించి పాఠం చెప్పిండు. ఏం బావా, నోరు కట్టంగూర్ల మరిచిపోయి వచ్చినవా?”

“మరువలేదే, దాన్ని సందూకల పెట్టుకొని తీస్కొచ్చినట్టుంది వాళ్లామె.”

ఇక వరుసపెట్టి నా మీద కథలు అల్లారు. నా నాలుకకు పశువుల పిడుదులు పట్టాయని ఒకరు, నిద్రలో కూడా హాజరు పిలుస్తానని ఒకరు. ఒకామె గంప దించి, నేను నడిచినట్టు నడిచి చూపించింది. నేను అట్లా నడవను. అట్లా నడవనని చెప్పడానికి వీలు లేదు. గొంతుదాకా వచ్చిన జవాబులను మింగుకుంటూ నిలబడ్డాను. మన గురించి లేనిది కలిపి చెబుతుంటే, ఎదుట నిలబడి వినడం ఎట్లా ఉంటుందో నాకు ఆ గట్టు మీదే తెలిసింది. అప్పటికీ నా భార్య కంటే నా పరిస్థితి నయం. మామ మందు తాగాక నేను మాట్లాడవచ్చు.

వాళ్లు నా ఒడిలోంచి సగం మొగ్గలు తమ గంపల్లోకి వంపుకున్నారు. నీళ్లు చల్లి పెడితే రేపటికి విచ్చుకుంటాయేమో చూస్తామన్నారు. మిగిలినవి తీసుకొని ఇల్లు చేరాను.

అవ్వ రోట్లో మొగ్గలు నూరుతుంటే నా భార్య బయటికొచ్చి ఎదురుగా నిలబడింది. నేను మాట్లాడకూడదని తెలిసే వచ్చింది.

“చెప్పులు ఇడిచిన. నిజమే. బస్సు మెట్టు కడిగినట్టుండె, కడిగిన జాగల చెప్పులతోని ఎట్ల తొక్కుదు అనుకున్న. గది చెప్పుకొని నవ్వితే నవ్వినవ్. నేను గూడ నవ్వుదును. డ్రైవర్‌కు దండం నేనెప్పుడు పెట్టిన? గది ఎందుకు కలిపినవ్?”

నా దగ్గర నాలుగు జవాబులున్నాయి. సరదాకు అన్నాననేది ఒకటి. నువ్వంటే ముద్దుకొద్దీ అన్నాననేది ఒకటి. మిగతావి ఇంకా పనికిమాలినవి. అవ్వ బట్టలో పసరు పిండుతూ నా వైపే చూస్తున్నది.

పసరు మజ్జిగలో కలిపి గిలాసు మామకిచ్చారు. ఆయన దాన్ని ఎత్తి చూశాడు. కింద పెట్టాడు. తడిబట్ట సర్దుకున్నాడు. మళ్లీ ఎత్తాడు. జీవితంలో నేను ఒక మనిషి గొంతు వైపు అంత ఆశగా చూసింది లేదు. ఆయన గుటక గుటకకు ఆగి, మొహం చిట్లించి, ఆరాముగా తాగాడు. గిలాసు ఖాళీ అయ్యాక అవ్వ అన్నది: “ఇగ మాట్లాడు.”

నోరు తెరిచాను. ఆ నాలుగు జవాబులూ ఎటు పోయాయో పోయాయి.

“గది నేనే కలిపిన,” అన్నాను.

అంతే వచ్చింది. ఇంకా ఏమన్నా అంటానేమోనని నా భార్య ఆగినట్టుంది.

“గదే ముచ్చట గా హోటల్ల చెప్పు,” అన్నది. “చెప్పినవని బాపు చెవుల విని వచ్చి నాకు చెప్పాలె. గప్పుడు సందూక కదులుతది.”

మామ చెప్పులు వేసుకున్నాడు. ఇద్దరం బస్సులో కట్టంగూరు పోయాం. దారి పొడుగునా నేను మాట్లాడలేదు, ఆయన ఎప్పుడూ మాట్లాడడు. హోటల్లో పాత మిత్రులే ఉన్నారు. నన్ను చూడగానే బెంచీ మీద జరిగి జాగా ఇచ్చారు. నేను కూర్చోకుండానే చెప్పాను. మా ఆమె డ్రైవరుకు దండం పెట్టలేదని, అది మీరు నవ్వాలని నేను కలిపిందని. ఎవరూ నవ్వలేదు. ఒకాయన చాయ్ సాసరులో పోసుకున్నాడు. గల్లా దగ్గర కూర్చున్న హోటలు ఆసామి చాలాసేపు ఆలోచించి, “ముందుగాల చెప్పిందే మంచిగుండె సారూ,” అన్నాడు.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి వాకిట్లో బతుకమ్మ పేరుస్తున్నారు. పువ్వు పలచగా ఉంది. ఎందుకో అందరికీ తెలుసు. నా భార్య చేతిలో పువ్వు అట్లాగే ఉంచి తండ్రి వైపు చూసింది.

“చెప్పిండు,” అన్నాడు మామ. అరుగు మీద కూర్చొని తడిబట్ట అందుకుంటూ, “ఎవ్వలు నవ్వలే పాపం,” అన్నాడు.

నా భార్య తల వంచుకొని పువ్వు పేర్చింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నదేమోనని భయపడి రెండడుగులు ముందుకు వేశాను. నవ్వుతున్నది.

“సద్దులైనంక పోదాం,” అన్నది. “గప్పటిదాంక పొద్దుగాల మొగ్గలు నువ్వే తేవాలె.”