జేజి మూసిన గవాక్షి

మొన్న మా మనవరాలు అట్టపెట్టెకు సూదితో చిల్లు పెట్టి సూర్యగ్రహణం చూస్తుంటే, నాకు నంద్యాలలోని మా మిద్దె గుర్తొచ్చి నవ్వాగలేదు. వెలుతురు కోసం పైకప్పులో గవాక్షి మీ ఇళ్ళలోనూ ఉండేది కదా?

అప్పట్లో ఓ గ్రహణం రోజున మా జేజి, అంటే మా నాయనమ్మ, తలుపులన్నీ బిగించి, గవాక్షి మీద పాత రేకు కప్పించింది. కడుపుతో ఉన్న చిన్నమ్మ మీద గ్రహణం పడకూడదని ఆమె భయం. కానీ ఆ రేకుకు మేకు చిల్లుంది! అందులోంచి నేల మీద పరిచిన బేతంచెర్ల బండ మీద రూపాయి బిళ్ళంత సూర్యుడు పడ్డాడు. చూస్తుండగానే ఎవరో కొరికిన నిప్పట్టులా అయ్యాడు.

"జేజీ, గ్రహణం ఈడికే వచ్చిండాది!" అని అరిచాను.

జేజి దాని మీద చాట బోర్లించింది. సూర్యుడు చాట మీదికెక్కాడు. చిన్నమ్మ పకపకా నవ్వింది, జేజికీ నవ్వొచ్చింది.

సూర్యుడు బండ బండకూ జరుగుతుంటే అక్క సుద్దముక్కతో ఆ వంకలన్నీ గీసింది. జేజి పక్కనే చతికిలబడి, "ఇడుస్తాంది, బేగా గీయి!" అని తొందరపెట్టింది.

గ్రహణం విడిచాక ఇల్లంతా కడిగిన జేజి ఆ బండల దగ్గర మాత్రం బిందె దించేసింది.

"ఈడ నీళ్ళు పోయాకండి. మీ తాత అంగడి నుంచి వచ్చి చూడాల."